కరెంటు గ్రూపులో పెట్టిన లింకులు

నేను స్తంభాలెక్కడం మానేసి రెండేళ్ళు దాటింది. కొత్తగా లైన్‌మెన్‌గా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు అవీ ఇవీ మాట్లాడి, చివరికి అడుగుతారు: "మీ సర్వీసులో బాగా భయపడ్డ రోజు ఏదండీ?" అని. పదకొండు వేల వోల్టుల కథ ఏదో వింటామని వాళ్ళ ఆశ. అలాంటివి నాకూ ఉన్నాయి, మోచేతి మీద మచ్చతో సహా. కానీ నేను అన్నిటికంటే ఎక్కువ భయపడ్డ రోజున ఎవరి ఒంటి మీదా చిన్న గీత కూడా పడలేదు. ఆ రోజు తప్పు మాత్రం పూర్తిగా నాది. అది ఫోనుతో చేసిన తప్పు. ఆ పిల్లలకి చెప్పినట్టే మీకూ చెబుతాను. మీరు లైన్‌మెన్ కాకపోయినా ఫరవాలేదు. మీరు రాసింది నమ్మి చదివే నలుగురు మీకు ఉంటే చాలు.

నా ఆఖరి పోస్టింగు అమలాపురానికి దిగువన, కాలవ గట్ల వెంట ఉన్న నాలుగు ఊళ్ళు. మా వైపు కొబ్బరి చెట్టు లేని చోట తీగ లాగాలంటే గోదావరి మధ్యలో లాగాలి. గాలేస్తే మట్ట రాలుతుంది, మట్ట రాలితే తీగ తెగుతుంది. తెగిన మరుక్షణం నాలుగు ఊళ్ళ జనం నా ఒక్క నంబరుకే ఫోను చేసేవారు. స్తంభం మీద రెండు చేతులూ పనిలో ఉండగా జేబులో ఫోను అదేపనిగా మోగుతుంటే ఎలా ఉంటుందో చెప్పలేను.

దానికి ఉపాయం చెప్పింది మా సబ్‌స్టేషన్ ఆపరేటరు. నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, నన్ను గురువుగారూ అనేవాడు. "వాట్సాప్‌లో గ్రూపు పెట్టెయ్యండి గురువుగారూ. ఒక్కసారి చెబితే ఊరంతా వింటారు," అన్నాడు. అతనే కూర్చుని తయారుచేసిచ్చాడు. ఇంటికొకరు చొప్పున మూడు వందల పైచిలుకు మంది చేరారు. కరెంటు ఎందుకు పోయింది, ఎప్పుడొస్తుంది, ఏ వీధిలో పని జరుగుతోంది, అంతే అందులో రాసేవాణ్ణి. ఫోన్లు ఆగిపోయాయి. అంతకంటే మంచి విషయం ఇంకోటి జరిగింది. ఎక్కడైనా మట్ట పడినా, తీగ వేలాడినా పది నిమిషాల్లో గ్రూపులో ఫొటో వచ్చేది. నాలుగు ఊళ్ళూ నేను ఒక్కణ్ణే చూడనక్కర్లేకుండా మూడు వందల జతల కళ్ళు దొరికాయనుకోండి.

అందులో ఒకావిడ గురించి చెప్పాలి. కాలవకి అవతల, తోటల మధ్య ఒక చిన్న వీధి ఉంది. అక్కడ కొబ్బరి పీచుతో తాళ్ళు పేనే ఒక పెద్దావిడ, కొడుకూ కోడలూ ఉండేవారు. నాకు చుట్టరికం లేదు. ఆ వీధంతా ఆవిణ్ణి పిన్నిగారు అనేవారు, నేనూ అదే అన్నాను. ఆవిడకి టైపు చెయ్యడం రాదు. నేను ఏం పెట్టినా కోడలు చదివి వినిపిస్తే, ఆవిడ తన గొంతుతో జవాబు పంపేది. "విన్నాం బాబూ. మా వీధిలో అన్నీ బాగానే ఉన్నాయి. నువ్వు జాగ్రత్తగా ఎక్కు." ఆ చివరి మాట ప్రతిసారీ ఉండేది. నాకు స్తంభం ఎక్కడం వచ్చి ముప్పై ఏళ్ళయింది గానీ, ఆ మాట విన్నాక నడుముకి కట్టుకున్న తాడు ఇంకోసారి చూసుకునేవాణ్ణి.

ఒక ఎండాకాలం, ఎవరో గ్రూపులో అడిగారు, ఓల్టేజి తక్కువైనప్పుడు ఫ్రిజ్ పాడవకుండా ఏ స్టెబిలైజరు కొనమంటారని. మంచిదేదో నాకు తెలుసు. ఆన్‌లైనులో అది దొరికే చోటు చూసి లింకు పెట్టాను. మర్నాడు ఆపరేటరు నవ్వాడు.

"ఊరికే పంపుతున్నారేంటి గురువుగారూ? ఆ వస్తువునే మీ పేరు మీద వచ్చే లింకుతో పంపండి. కొన్నవాళ్ళకి రేటు మారదు. మీకు మాత్రం కొంచెం టీ ఖర్చులకి పడతాయి."

"వాళ్ళకి తెలిస్తేనో?"

"తెలియడానికేముందండీ? లింకు లింకులాగే ఉంటది."

ఆ మాట దగ్గర నేను ఆగవలసింది. ఆగలేదు. అతనే నా పేరు నమోదు చేసి ఇచ్చాడు. అతన్నేమీ అనను. అతను దారి చూపించాడు, నడిచింది నేను.

మొదటిసారి వచ్చింది ఎంతో చెబితే నవ్వుతారు. ఒక డబ్బా పూతరేకులకి సరిపోయింది. తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టి, "జనానికి మంచి వస్తువు చెప్పినందుకు," అన్నాను. ఆవిడ ఒకటి తిని, వేళ్ళు తుడుచుకుంటూ అడిగింది: "మరి వాళ్ళకి చెప్పేరా, మీకు డబ్బులొస్తాయని?"

నేను టీవీ సౌండు పెంచాను.

నిజానికి డబ్బుకంటే ఎక్కువగా నన్ను పాడుచేసింది ఇంకోటి. కొన్నవాళ్ళు దారిలో కనబడి, "మీరు చెప్పేరని తీసుకున్నామండీ, చాలా బాగుంది," అనేవారు. ముప్పై ఏళ్ళు కరెంటు ఇచ్చినందుకు ఎవరూ ఆపి మెచ్చుకోలేదు. కరెంటు ఉన్నప్పుడు లైన్‌మెన్ ఎవరికి గుర్తొస్తాడు? దోమల బ్యాటు చెప్పినందుకు మెచ్చుకున్నారు. నాకు బాగుంది. దోమల బ్యాటు తర్వాత కుక్కరు, కుక్కరు తర్వాత గొడుగులు, తర్వాత చీరలు. ఆఫరు ఈ రోజే ఆఖరు అని రాసేవాణ్ణి. అది నా రాత కాదు, వాళ్ళు రాసిచ్చినదే నేను అతికించేవాణ్ణి. కరెంటు కబురొకటి పెడితే దాని ముందూ వెనకా నాలుగు లింకులుండేవి.

"కరెంటు పోయిందని చెప్పే నోటితోనే చీరలమ్ముతారేంటండీ?" అంది మా ఆవిడ ఒకరోజు.

"నేనెక్కడ అమ్ముతున్నాను? పంపుతున్నానంతే."

"మన పెళ్ళిళ్ళ పేరయ్య కూడా అంతేనండి. ఆయనా సంబంధాలు పంపుతాడంతే."

కొందరు గ్రూపులోంచి వెళ్ళిపోయారు. ఫోను మార్చుకుని ఉంటారనుకున్నాను. ఒక్కరూ నన్నేమీ అనలేదు. మా వాళ్ళ మర్యాద అలాంటిది. గోదావరి జిల్లాలో మనిషి మనల్ని వద్దనుకున్నా "ఆయ్, అలాగేనండి" అంటూనే వద్దనుకుంటాడు. అక్కడివాణ్ణే అయ్యుండి నాకు ఆ సంగతి తట్టకపోవడమే విచిత్రం.

వానలకి ముందు, ఛార్జింగు పెట్టుకునే ఎమర్జెన్సీ దీపం ఒకటి కనబడింది. మిగతా వస్తువులకంటే దాని మీద నాకు వచ్చేది బాగా ఎక్కువ. నేను దాన్ని కళ్ళతో చూసింది లేదు. కానీ జనానికి నమ్మకం కలగాలని ఒక మాట కలిపాను: "మా ఇంట్లో కూడా ఇదే వాడుతున్నాం." మా ఇంట్లో ఉన్నది పాత లాంతరు.  వేళ్ళు వాటంతట అవే రాశాయి అంటే మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా.

వానాకాలం ఇక వెళ్ళిపోయిందనుకున్న రోజుల్లో తుఫాను వచ్చింది. ఓడలరేవు వైపు నుంచి సాయంత్రం మొదలైన గాలి తెల్లారేదాకా ఆగలేదు. పొద్దున్నే లేచి చూస్తే మా సెక్షనులో నిలబడి ఉన్న స్తంభాలని లెక్కపెట్టడం తేలిక. రెండు రోజులు మేమూ, పక్క మండలాల నుంచి వచ్చిన మనుషులూ కలిసి పనిచేశాం. పెద్ద లైను నిలబెట్టాం. మూడో రోజు పొద్దున పది గంటలకి కరెంటు ఇవ్వాలని అనుకున్నాం. మంచినీళ్ళ ట్యాంకుకి మోటారు ఆడక జనం బిందెలు పట్టుకుని కాలవ నీళ్ళ వైపు చూస్తున్నారు. ఆస్పత్రిలో జనరేటరుకి డీజిలు అయిపోవస్తోంది. మా ఏఈ గారు, అంటే మా పై ఇంజనీరు, ఒక అమ్మాయి. ఆవిడ గంటకోసారి ఫోను చేస్తోంది.

కరెంటు ఇచ్చే ముందు పని ఒకటుంటుంది. పెద్ద లైనే కాదు, వీధుల్లోకి వెళ్ళే చిన్న తీగలు కూడా నడిచి చూడాలి. ఎక్కడా తెగి నేల మీద పడలేదని కళ్ళతో చూశాక, సబ్‌స్టేషనుకి ఫోను చేసి "క్లియర్" అనాలి. అప్పుడు ఆపరేటరు లైనుకి కరెంటిస్తాడు. ఆ ఒక్క మాట మీద మొత్తం ఆధారపడి ఉంటుంది.

ఆ పొద్దున నేను మూడు ఊళ్ళు నడిచి చూశాను. నాలుగో ఊళ్ళో కాలవ అవతలున్న తోటల వీధి ఒక్కటే మిగిలింది. కాలి వంతెన సగం కూలి, గుర్రపుడెక్క అడ్డంగా పేరుకుపోయి ఉంది. చుట్టూ తిరిగి వెళ్ళాలంటే గంట పడుతుంది. అందుకని ఏడింటికే గ్రూపులో రాశాను: "పది గంటలకి కరెంటు ఇస్తున్నాం. మీ వీధిలో తీగలు పడి ఉంటే, వేలాడుతుంటే వెంటనే ఫొటో పెట్టండి. ఏ తీగనీ ముట్టుకోవద్దు." నాలుగైదు జవాబులు వచ్చాయి, అన్నీ ఇవతలి ఊళ్ళవే. తోటల వీధి నుంచి ఏమీ రాలేదు. రాలేదంటే పడలేదన్నమాట, అనుకున్నాను. రోడ్డు మలుపులో ఆ వీధి ట్రాన్స్‌ఫార్మరు ఉంది. లైనుకి కరెంటిస్తే ఆ వీధికీ వెళ్ళేలా దాని స్విచ్ నా చేత్తోనే పైకెత్తి, వంతెన దగ్గరికి వచ్చి నిలబడ్డాను.

పదికి పది నిమిషాలుందనగా ఆపరేటరు ఫోను చేశాడు.

"అన్ని సెక్షన్లూ అయిపోయేయి గురువుగారూ. మీ మాటే మిగిలింది. క్లియరేనాండీ?"

క్లియర్ అనడానికి నోరు తెరిచాను. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దుటి నుంచి పిన్నిగారి గొంతు వినలేదని. ఎప్పుడూ ఆవిడ జవాబు పావుగంట దాటేది కాదు కదా. ఫోను చెవి దగ్గర నుంచి తీసి గ్రూపు తెరిచాను. ఆవిడ గొంతు చివరిసారి ఎప్పుడొచ్చిందో చూద్దామని పైకి జరిపాను. రెయిన్‌కోట్లు. ఇంకా పైకి. చీరలు, గిన్నెలు, దీపం, మళ్ళీ చీరలు. అన్నీ నావే. ఎంత జరిపినా ఆవిడ లేదు. నెలల కిందటే ఆగిపోయింది. నేను గమనించలేదు.

"గురువుగారూ? వింటున్నారా?"

"ఒక్క పావుగంట ఆగు."

"ఏఈ గారు నన్ను తినేస్తారండీ."

"నా పేరు చెప్పు," అని ఫోను జేబులో పెట్టి, వంతెనకి మిగిలిన కమ్మీ పట్టుకుని కాలవలోకి దిగాను. నడుము లోతు నీళ్ళు. గుర్రపుడెక్క కాళ్ళకి చుట్టుకుంటోంది. యాభై తొమ్మిదేళ్ళ వయసులో అంత వేగంగా నడుస్తానని నేననుకోలేదు.

తోటలోకి మలుపు తిరగ్గానే కనబడింది. వీధి స్తంభం ఒకటి పక్కకి ఒరిగి ఉంది. తీగ ఒక కొస ఇంకా స్తంభానికే ఉంది. తెగిన రెండో కొసని ఎవరో కొబ్బరి చెట్టుకి గట్టిగా బిగించి కట్టారు. మధ్యలో ఇంకో చెట్టుకి ఒక చుట్టు చుట్టారు. దాని మీద వరసగా తడిసిన బొంతలు, దుప్పట్లు, రెండు చీరలు. పిన్నిగారు తడి నేల మీద ఒట్టి కాళ్ళతో నిలబడి, ఇంకో బొంతని ఆ తీగ మీదికి ఎత్తి, ముడతలు లేకుండా చేత్తో సవరిస్తోంది.

"పిన్నిగారూ! చెయ్యి తియ్యండి!"

ఆవిడ ఉలిక్కిపడి ఇటు తిరిగింది. నన్ను చూసి మొహం విప్పారింది. "నువ్వా బాబూ! అదేంటి, అలా తడిసిపోయేవు?"

"ముందు ఇటు రండి. దేన్నీ ముట్టుకోకుండా నా దగ్గరికి రండి."

నా గొంతులో ఏదో విని ఆవిడ మారు మాట్లాడకుండా వచ్చింది. దగ్గరికి వచ్చాక రెండు చేతులూ పట్టుకున్నాను. పీచు పేని పేని గరుకెక్కిన చేతులు. పట్టుకున్నవాణ్ణి వదల్లేకపోయాను.

"కరెంటు లేదు కదా నాయనా మూడ్రోజుల్నించీ," అంది ఆవిడ, తప్పు చేసినదానిలా. "దారికడ్డంగా పడుంటే మట్టతో లాగి కట్టేం. ఇల్లంతా తడిసిపోయింది. ఆరేసుకోటానికి దండెం కూడా లేదు. తీగ గట్టిగా బానే ఉంది."

ఒక చేత్తో ఫోను తీసి ఆపరేటరుకి చేశాను. "ఇవ్వకు. నేను మళ్ళీ చేసేదాకా ఇవ్వకు."

"ఏమైందండీ?"

"పిన్నిగారు తీగ మీద బొంతలారేసింది."

అవతల కుర్చీ వెనక్కి పడ్డ చప్పుడైంది. తర్వాత తెలిసింది, అతను లేచి స్విచ్చిలకి దూరంగా వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డాడట.

 అక్కడే పడి ఉన్న కొబ్బరి దుంగ మీద కూలబడ్డాను. పిన్నిగారు నన్ను చూసి కంగారుపడి, "అమ్మాయ్, టీ పెట్టు, ఈయన వణికిపోతున్నాడు," అని కోడలికి కేకేసింది. కాలవలో తడిసినందుకు వణుకుతున్నాననుకుంది. ఆ బొంతల్ని ముట్టుకోవద్దని ఇద్దరికీ రెండుసార్లు చెప్పి, అప్పుడు అడిగాను.

"మీ ఫోను పనిచెయ్యట్లేదా పిన్నిగారూ?"

"ఎందుకు చెయ్యదు? నిన్ననే అమ్మాయి బజార్లో జనరేటరు దగ్గర ఛార్జింగు పెట్టించుకొచ్చింది."

"మరి పొద్దున్న నేను పెట్టిన మెసేజి చూళ్ళేదా?"

ఆవిడ కోడలి వైపు చూసింది. కోడలు టీ గ్లాసు నా చేతికిచ్చి, చూపు నేలకి దించుకుంది. "అదండీ... ఆ గ్రూపు సౌండు తీసేసేనండి. చాన్నాళ్ళయింది."

"ఎందుకమ్మా?"

"రోజుకి నాలుగైదు మోగేవండి. అత్తయ్యగారు ప్రతిసారీ కరెంటు కబురనుకుని చేతిలో పీచు వదిలేసి పరిగెత్తుకొచ్చేవారండి. 'చదువు, చదువు, బాబు ఏదో చెప్పేడు' అనేవారు. చూస్తే కుక్కర్లండి, చీరలండి. నాలుగుసార్లు వచ్చి నాలుగుసార్లూ ఉత్తినే వెళ్ళేవారు. చూళ్ళేక..."

"ఊరుకోవే," అంది పిన్నిగారు. "ఆయన మన మంచికే పెడతాడు."

తిట్టినా బాగుండేది. తల పక్కకి తిప్పుకున్నాను.  అప్పుడు చూశాను, లోపల గూట్లో, నేను లింకు పెట్టిన దీపం. పెట్టె కూడా పారెయ్యకుండా పక్కనే భద్రంగా పెట్టుకున్నారు.

"ఆ దీపం..."

"నీ మాట మీద రెండు తెప్పించేం బాబూ. ఒకటి రాజోల్లో మా చెల్లెలికిచ్చేను."

"తుఫాను రోజున వెలిగిందా?"

"వెలిగింది, వెలిగింది," అంది ఆవిడ గబగబా.

"గంట లోపే ఆరిపోయిందండి," అంది కోడలు.

"కొత్తది కదా, మాకు వాడకం తెలీక అయ్యుంటది," అని పిన్నిగారు నా వైపు తిరిగి, ఏ కల్మషమూ లేకుండా అడిగింది: "మీ ఇంట్లోది బాగా వెలుగుతోందా నాయనా?"

ముప్పై ఆరేళ్ళ సర్వీసులో పై అధికారులు చాలా ప్రశ్నలు అడిగారు. దేనికైనా ఏదో ఒకటి చెప్పి బయటపడ్డాను. ఈ ప్రశ్న దగ్గర బయటపడలేకపోయాను.

"మా ఇంట్లో లేదు పిన్నిగారూ. ఆ మాట అబద్ధం రాశాను. మీరు కొంటే నాకు కొంత డబ్బొస్తుంది. అందుకని పెట్టాను. అన్నీ అందుకే పెట్టాను."

ఆవిడ తీగ మీది బొంతల వైపు చూసింది. తర్వాత, "టీ తాగు బాబూ, చల్లారిపోద్ది," అంది.

మళ్ళీ కాలవ దాటి, రోడ్డు మలుపులో స్విచ్ దించి, ఆ వీధి తప్ప మిగతా లైనుకి క్లియర్ చెప్పాను. పదకొండుకి నీళ్ళ ట్యాంకు మోటారు ఆడింది. మనుషుల్ని తీసుకుని చుట్టూ తిరిగి వెళ్ళి, మధ్యాహ్నానికి తోటల వీధి తీగలు సరిచేశాం. నా సహాయకులు బొంతలు మడతపెట్టి ఒక్కొక్కటే పిన్నిగారికి అందిస్తుంటే, ఆవిడ వాళ్ళకి కొబ్బరి బొండాలు కొట్టిచ్చింది.

సాయంత్రం ఏఈ గారి ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను, లింకులతో సహా. ఆవిడ మా అమ్మాయి ఈడుది. అంతా విని, "అనుమానమొచ్చినప్పుడు మీరు ముందు ఆ వీధి స్విచ్ దించి, మిగతా ఊళ్ళకి ఇప్పించాల్సిందండీ. అది కూడా చెయ్యలేదు," అంది. నిజమే. అంత పాత లైన్‌మెన్‌కి అది తట్టలేదు. కాళ్ళు పరిగెత్తాయి, బుర్ర వెనక పడింది. "గ్రూపు మీకు సాయమే గానీ, మీ కళ్ళు కాదండీ. వీధి నడవకుండా స్విచ్ ఎత్తేరు," అని మెమో ఇచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నాను. బయటికి వస్తుంటే వెనక నుంచి పిలిచి, "మీకు పిన్నిగారి గొంతు గుర్తొచ్చింది చూడండి, అందుకు మాత్రం మెమోలో చోటు లేదండీ," అంది.

ఆపరేటరు సబ్‌స్టేషను మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను. "నొక్కేది నా చెయ్యి కదండీ," అన్నాడు. "మీరు క్లియర్ అంటే నొక్కేసేవాణ్ణి. ఆ లింకుల పని మీకు నేర్పిందీ నేనే." అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను భుజం మీద చెయ్యి వేశాను. ఇద్దరం అలా కూర్చున్నాం. చీకటి పడుతుంటే ఊళ్ళలో ఒక్కొక్క దీపమే వెలగడం అక్కణ్ణించి కనబడుతుంది.

మర్నాడు గ్రూపులో క్షమాపణ రాద్దామని కూర్చున్నాను. రాయబోయి నవ్వొచ్చింది. ఎవరు చూస్తారు? నోరు నొక్కేసిన గ్రూపులో క్షమాపణ ఎవరికి వినబడుతుంది? అందుకని ఆ పదిహేను రోజులూ తుఫాను పనుల మీద ఏ వీధికి వెళ్తే ఆ వీధిలో, ఏ ఇంటి ముందు నిచ్చెన వేస్తే ఆ ఇంటివాళ్ళతో నోటితోనే చెప్పాను. "నా లింకులతో కొంటే నాకు డబ్బొచ్చేదండి. మీకు చెప్పలేదు. తప్పయింది. ఇకనుంచి ఆ గ్రూపులో కరెంటు కబురు తప్ప ఏమీ రాదు. సౌండు మళ్ళీ పెట్టుకోండి." కొందరు నవ్వేశారు. ఒకాయన, "మాకు తెలుసులెండి," అన్నాడు. అది అన్నిటికంటే గట్టిగా తగిలింది. దీపాలు కొన్నవాళ్ళు పదిమందికి పైగా తేలారు. తుఫానుకి ముందే కొని, వాపసు పంపే గడువు ఇంకా ఉన్నవాళ్ళకి దగ్గరుండి పంపించాను. గడువు దాటినవాళ్ళకి నేనే డబ్బిచ్చాను. పిన్నిగారు మాత్రం తీసుకోలేదు. "గూట్లో ఉండనీ," అంది.

వస్తువుల సలహాలు కావాలన్నవాళ్ళకి వేరే గ్రూపు పెట్టాను. దాని మొదటి మాటే, ఇక్కడ లింకుతో కొంటే నాకు కొంత వస్తుందని. నేను వాడనిది పెట్టనని, వాడినదాంట్లో ఉన్న లోపం కూడా రాస్తానని చెప్పాను. చేరినవాళ్ళు తొమ్మిది మంది. అందులో ఒకరు ఆపరేటరు, ఒకరు మా ఆవిడ. ఆవిడ నిఘా కోసం చేరింది.

మీకు నేను చెప్పగలిగింది ఇంతే. లింకు పెట్టడం పాపమని అనను. కడుపు నింపుకునే పని ఏదీ పాపం కాదు. కానీ జనం మిమ్మల్ని ఒక పనికి నమ్మి తలుపు తీస్తారు. ఆ తలుపులోంచి ఇంకో పని లోపలికి తోస్తున్నప్పుడు కనీసం అడగండి. మీకేం వస్తుందో ముందు మీ నోటితో మీరే చెప్పండి. వాళ్ళు గొడవ పడరు, తిట్టరు. చప్పుడు చెయ్యకుండా వినడం మానేస్తారు, అంతే. అది మీకు తెలిసేసరికి పదికి పది నిమిషాలు ఉంటుంది.

రిటైరయ్యాక ఆ కరెంటు గ్రూపుని కొత్తగా వచ్చిన అమ్మాయికి అప్పగించాను. నాకంటే చురుగ్గా ఎక్కుతుంది. మొన్న ఒకరోజు మధ్యాహ్నం పిన్నిగారు ఫోను చేసింది. పాత మిక్సీ కాలిపోయిందట.

"కోడలు ఫోన్లోనే తెప్పిస్తానంటోంది బాబూ. ఏది మంచిదో నువ్వు చెప్పు."

"మా ఇంట్లో ఉన్నది ఆరేళ్ళ నుంచి వాడుతున్నామండీ. పప్పు బాగా నలుగుతుంది. మోత మాత్రం లారీ వెళ్ళినట్టుంటుంది."

"ఆ లింకే పంపు మరి."

"ఆయ్, పంపుతాను. నాకేమీ రాని మామూలు లింకే పంపుతానండీ."

"అదేంటి? నీకు వచ్చేదే పంపు."

"వద్దు పిన్నిగారూ. మీ దగ్గర..."

"చెప్పేది విను. నాకు చెప్పి తీసుకుంటే అది నేను నీకిచ్చినట్టు. నా ఇష్టం, ఇచ్చుకుంటాను."  అవతల కోడలు ఎవరినో పిలుస్తున్న గొంతు వినబడింది. తర్వాత పిన్నిగారు నెమ్మదిగా అంది: "ఆ రోజు నాకు చాలా కష్టంగా అనిపించింది బాబూ. షాకు కొట్టుంటే ఏమయ్యేదోనని కాదు. నువ్వు నాతో అబద్ధమాడేవని. అడుగుదామనుకున్నాను. నువ్వప్పటికే వణికిపోతున్నావు, ఇంకేం అడుగుతాను?"

 ఫోను అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఆవిడా పెట్టెయ్యలేదు.

"పంపుతావా మరి?" అంది చివరికి.

"ఆయ్," అన్నాను.